బండి పనికెళ్ళింది

మొన్న వేమగిరి దగ్గర రోడ్డు పక్కన నా బండి ఆపుకుని మంచినీళ్లు తాగుతుంటే, ఎక్కడినుంచో బెల్లం పాకం మాడుతున్న వాసన వచ్చింది. చుట్టూ చూశాను. మిఠాయి కొట్టు లేదు, పెళ్లి వంటలూ లేవు. కాస్త అవతల ఒకాయన మోటార్‌సైకిల్ నిలబెట్టుకుని దాని మొహంకేసి దిగులుగా చూస్తున్నాడు. ఇంజను ముందుండే రేడియేటరు పక్కనుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. వాసన దానిదే. ఇంజనును చల్లబరిచే ఆకుపచ్చ నీళ్లు, కూలెంటు అంటారే, అవి కాలిన లోహం మీద పడితే అచ్చం అలాగే తియ్యటి కమురు వాసన వేస్తాయి. ఆయన జేబురుమాలు మడతపెట్టి రేడియేటరు మూత మీద చెయ్యి వెయ్యబోయాడు. "ముట్టకండి" అని ఉన్నచోటినుంచే అరిచాను. ఆయన ఉలిక్కిపడి తిరిగి చూశాడు. మోకాళ్లదాకా ఎగదోపిన నా చీర, గోళ్లనిండా మట్టి, బండికి వేలాడే తడి గోనెసంచిలో గులాబీ పుల్లలు. "మీకు తెలుసా అండి, దీని సంగతి?" అన్నాడు, నమ్మకం లేకుండా. "నాకేం తెలుసండి, మా మావయ్యగారికి తెలుసు" అన్నాను. పాపం ఆయన మా మావయ్యగారు ఎక్కడున్నారా అని నా వెనకాల వెతికాడు. మావయ్యగారు పోయి చాలాకాలమైందని నేను చెప్పలేదు. ఆ బండాయన్ని నీడలో కూర్చోబెట్టి, ఇంజను చల్లారేదాకా ఆపాను. ఆ కూర్చున్నంతసేపూ నా కళ్ళముందు ఉన్నది మా మావయ్యగారే.

ఆయన పేరు సూర్యనారాయణ. కడియం చుట్టుపక్కల తోటల్లో ఆ పేరు చెబితే తెలియదు, లారీ సూర్యం అనాలి. మొక్కల లోడు వేసుకుని నాగపూరనీ కలకత్తా అనీ తిరిగిన మనిషి. ఘాటు రోడ్డులో లారీ పడిపోయినప్పుడు కుడికాలు మోకాలి దగ్గర బిగుసుకుపోయింది. ఇక మడత పడలేదు. అప్పటినుంచీ మా ఇంటి అరుగు మీద ఆ కాలు వీధిలోకి చాపుకుని కూర్చునేవారు. దారినపోయేవాళ్లే దాన్ని తప్పించుకుని పోవాలి గానీ ఆయన జరిపేవారు కాదు. నేను కాపరానికి వచ్చేటప్పటికి అత్తగారు లేరు. ఇంట్లో ఉన్నది మావయ్యగారు, మా ఆయన శ్రీను, నేను. మా ఆయన కూడా లారీయే. ఇంట్లో ఉండేది తక్కువ, దారిలో ఉండేది ఎక్కువ. ఎదురింట్లో మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు. ఆయనకి సొంత నర్సరీ ఉంది, ఊళ్లో మాటకి చెల్లుబడి ఉంది. మా ఇంటి ఆచారం ప్రకారం తమ్ముడి పెళ్లాం బావగారి ఎదుట పడి మాట్లాడకూడదు. ఆయనా నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. నేను అక్కడే నిలబడి ఉన్నా, "ఆ అమ్మాయికి చెప్పు నాన్నా" అని మావయ్యగారికి చెప్పేవారు. నా జవాబూ మావయ్యగారి మీదుగానే వెళ్లాలి. అలా మా ఇద్దరి మాటలూ ఆయన చెవిలోంచి అటూ ఇటూ నడిచేవి. దారిలో ఆయన తనకి నచ్చినట్టు మార్చేసేవారని నాకు తరవాత అర్థమైంది.

నేను చదివింది అయిదో తరగతి. మరలు, మేకులు, మోటార్లు అంటే మగవాళ్ల వ్యవహారం అనుకునే ఇంట్లోంచి వచ్చాను. కొత్తల్లో ఒకరోజు టేబుల్ ఫ్యాను మూలిగి మూలిగి ఆగిపోయింది. బజారునుంచి ఎవర్నయినా పిలుచుకొస్తానంటే మావయ్యగారు తలగడ కిందనుంచి స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టారు.

"విప్పు."

"నాకు రాదండి."

"రాదని ఫ్యాను చెప్పిందా?"

నేను నవ్వలేదు, భయపడ్డాను. ఆయన చేట తెమ్మన్నారు. బియ్యం చెరిగే చేటే. విప్పిన ప్రతి ముక్కనీ అందులో వరసగా పెట్టమన్నారు, ముందు విప్పింది ఈ చివర, ఆఖరున విప్పింది ఆ చివర. "తిరిగి బిగించేటప్పుడు ఆ చివర్నుంచి రా. బుర్రలో పెట్టుకోకు, చేటలో పెట్టు." లోపల ఇరుసుకి పాత చీర దారం చుట్టుకుని ఉంది. తీసి, కుట్టుమిషను నూనె చుక్క వేసి, చేటలో వెనకనుంచి ముందుకి వచ్చాను. ఫ్యాను తిరిగింది. ఆ గాలికి చెమట ఆరుతుంటే ఆయన అన్న మాట నాకు మంత్రోపదేశం కంటే ఎక్కువ. "ఎవడో బిగించిందే కదమ్మా. ఒకడు బిగించింది ఇంకొకళ్లు విప్పలేరా?" ఆయన ముంజేతి మీద అరచేయంత తెల్లటి మచ్చ ఒకటి మెరుస్తుండేది. అదేంటండి అని ఆరోజే ధైర్యం చేసి అడిగాను. "తొందర" అన్నారు. కుర్రతనంలో కాగుతున్న లారీ రేడియేటరు మూత తీశారట. "చల్లారేదాకా కూర్చోవడం కూడా పనేనమ్మా. దానికెవడూ జీతం ఇవ్వడు గానీ, పనే."

నా పని గులాబీలకి అంట్లు కట్టడం. అడవి గులాబీ కొమ్మ మీద చాకుతో సన్నగా గాటు పెట్టి, మంచి రకం గులాబీ పుల్లమీద చిగురు మొలిచే కన్ను తీసి అందులో దూర్చి, ప్లాస్టిక్ పట్టీతో కిందనుంచి పైకి ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేలా బిగించి చుట్టాలి. చుక్క నీరు లోపలికి పోతే కన్ను కుళ్ళిపోతుంది. నా చేతి కన్ను పోవడం అరుదు. అయినా ఆ పేరు నాది కాదు. బావగారి తోటలో కట్టేదాన్ని కాబట్టి అది ఆయన తోట పేరు. బయటివాళ్లు పిలిస్తే వెళ్లాలంటే నడవాలి. కోసిన పుల్లలు ఎండకి వాడిపోయేలోగా కట్టెయ్యాలి కాబట్టి దూరం తోటలు నాకు అందేవి కావు. ఇళ్ల మీద యాంటెనాలు పోయి డిష్షులు వస్తున్న రోజులవి. మా ఆయన భీమవరంలో ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడి దగ్గర పాత మోటార్‌సైకిల్ కొనుక్కొచ్చాడు. అప్పటికి మా ఊళ్లో అలాంటిది లేదు. మిగతా బండ్లు గాలికి చల్లబడితే అది లారీలాగా నీళ్లతో చల్లబడుతుంది. మావయ్యగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "లారీ పిల్లని కన్నదిరా" అన్నారు.

మా ఆయన లారీ ఎక్కి వెళ్లిపోతే బండి ఖాళీగా ఉండేది. మావయ్యగారికి అది నచ్చలేదు. ఒకరోజు పొద్దున్నే, "తాళం తియ్యమ్మాయ్" అన్నారు. కాలవగట్టు మీద నేర్చుకున్నాను. ఆయన వెనక కూర్చునేవారు. మడతపడని కాలు పక్కకి బల్లెంలా పొడుచుకుని ఉండేది. ఎదురొచ్చేవాళ్లు సైకిళ్లు దిగిపోయేవారు. పశువులు కూడా దారిచ్చేవి. నేను సిగ్గుతో తల దించుకుంటే వెనకనుంచి అరిచేవారు, "తల దించితే రోడ్డు కనపడదు, ఎత్తు. సిగ్గు తరవాత పడుదువుగాని, ముందు గేరు మార్చు." నెల తిరక్కుండానే నేను బుర్రిలంక తోటలదాకా ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. తడి గోనెలో పుల్లలు వేసుకుని, పొద్దున ఒక తోట, మధ్యాహ్నంలోగా ఇంకో తోట. "ఆ బండిమీదొచ్చే అమ్మాయిని పిలవండి" అనేవారు. మొదటిసారి నా చేతికి విడిగా ఒక పేరు వచ్చింది.

బావగారికి అది గిట్టలేదు. అరుగు దగ్గరికి వచ్చి, "ఆ అమ్మాయికి చెప్పు నాన్నా, మన తోటలో పని వదిలేసి ఊళ్లు తిరగడం ఏం బాలేదు. ఆడమనిషికి అంత బండేంటి?" అన్నారు. నేను గుమ్మం లోపలే ఉన్నాను. మావయ్యగారు నావైపు తిరిగి, "అమ్మాయ్, మీ బావగారు నీకు చిన్నబండి కావాలేమో అని అడుగుతున్నారు" అన్నారు. లోపలికి పారిపోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ వేసవిలోనే బండి కారడం మొదలైంది. స్టాండు వేసినచోట ఆకుపచ్చ బొట్లు. పక్కన ఉన్న చిన్న డబ్బాలో నీళ్లు రోజురోజుకీ దిగిపోయేవి. రేడియేటరు కిందిమూతి దగ్గర, గొట్టం కలిసేచోట, ఎప్పుడూ తడిగా ఉండేది. బిగించాను. మావయ్యగారూ బిగించారు. బిగించినకొద్దీ మర్నాటికి మళ్లీ తడే. అప్పుడాయన లారీల కాలంనాటి వైద్యం ఒకటి తీశారు. "పసుపు తే." ఎందుకండీ అన్నాను. "ఒరిస్సా అడవుల్లో రేడియేటరు కారితే మెకానిక్కెవడొస్తాడు? గుప్పెడు పసుపు పోస్తే చాలు, నీళ్లతో తిరిగి తిరిగి చిల్లు దగ్గర అడ్డం పడి మూసేస్తుంది. పసుపుతో కలకత్తా వెళ్లొచ్చేను నేను." లారీ డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కాయే అది. వంటింట్లో పసుపు డబ్బా సగం ఖాళీ చేసి, ఆయనే స్వయంగా మూత తీసి పోశారు. సాయంత్రానికి కారడం ఆగింది. ఆయన మీసం దువ్వుకున్నారు.

మర్నాడు కాలవ మీది లాకుల వంతెన దాటుతుంటే మీటరులో ఎర్రదీపం వెలిగింది. బండి ఆపేలోపే కుతకుతమని శబ్దం, పక్కడబ్బా మూతలోంచి పచ్చటి నురగ. కళ్లంలో పసుపు కొమ్ములు ఉడకబెడుతున్న వాసన. పుల్లల గోనె ఎండలో పడేసి బండి వంతెన పక్కకి తోసుకున్నాను. టీకొట్టు దగ్గర మా బావగారు నలుగురితో కూర్చుని ఉన్నారు. లేచి వచ్చి నురగ చూశారు, వాసన చూశారు. నాతో మాట్లాడరు కదా, పక్కవాళ్లతో అన్నారు. "చూసేరా, వంటింట్లోంచి పసుపు తెచ్చి బండిలో పోసింది. పులుసు పెడదామనుకుందేమో. అందుకే అంటాను, ఆడవాళ్ల చేతికి బండిస్తే ఇలాగే ఉంటుంది." అందరూ నవ్వారు. నాకు ఒళ్లంతా మండింది. చెప్పొచ్చు, పోసింది నేను కాదని. కానీ మావయ్యగారి పేరు నా నోటితో నలుగురిలో ఎలా చెప్పను? పుల్లల గోనె తీసి నీడలో పెట్టాను.

ఈలోగా ఎవరో చెప్పినట్టున్నారు, ఒక సైకిలు వెనక కూర్చుని మావయ్యగారు వచ్చారు, కాలు పక్కకి చాపుకుని. దిగారు. నురగ చూశారు. కొడుకు నోట ఇంకోసారి ఆ పులుసు మాట విన్నారు. కర్ర నేలకి ఆనించి, అందరికీ వినపడేట్టు అన్నారు.

"పోసింది నేను."

బావగారు, "నువ్వెందుకు నాన్నా దాన్ని వెనకేసుకొస్తావు" అన్నారు.

"వెనకేసుకు రావడం ఏంటి? నా చేత్తో నేను పోసేను. లారీకి పోసినట్టు పోసేను. దీని దారులు చిన్నవి, మూసుకుపోయేయి. నాకు తెలియలేదు. తప్పు నాది. ఇంకా నవ్వుతారా? నవ్వండి, నేనిక్కడే ఉన్నాను."

ఎవరూ నవ్వలేదు. నేను అంతకుముందు ఏ ఇంట్లోనూ ఒక పెద్దమనిషి, అదీ కొడుకు ముందు, బజార్లో నిలబడి తప్పు నాది అనడం వినలేదు. మా నాన్న అనలేదు, మా తాత అనలేదు. అలా అంటే మనిషి చిన్నవాడైపోతాడని అనుకునేదాన్ని. ఆరోజు చూశాను, ఆ వంతెన మీద అందరికంటే పొడుగ్గా ఉన్నది బిగుసుకుపోయిన కాలున్న ఆ మనిషే. ఆయన బావగారికేసి తిరిగి, "తొయ్యడానికి చెయ్యి వెయ్యి. లేకపోతే దారి తప్పుకో" అన్నారు. బావగారు తప్పుకున్నారు. నేను తోశాను. మావయ్యగారు ఒక చేత్తో సీటు పట్టుకుని కుంటుతూ పక్కన నడిచారు.

ఆ సాయంత్రమే మా ఆయన ఎక్కడో దారిలోంచి ఫోను చేశాడు. అన్నయ్య తనకి ముందే ఫోను చేసేశాట్ట. ఆదివారం ఒక మనిషిని తీసుకొస్తానన్నాట్ట, బండి కొనడానికి. "అన్నయ్య అంతగా చెప్తుంటే నేనేం అనను? ఆదివారానికి బండి నడిస్తే ఉంచుకుందాం. నడవకపోతే ఇచ్చేద్దాం. పాడైన బండి పెట్టుకుని ఏం చేస్తావు?" మంచివాడే, అన్నగారికి ఎదురుచెప్పడం ఎరగడు. బండి పోతే నాకు మిగిలేది బావగారి తోటే. నా చేయి మళ్లీ ఆయన తోట చేయి అయిపోతుంది. మావయ్యగారు నా మొహం చూసి రాజమండ్రిలో షోరూముకి ఫోను చేయించారు. అక్కడాయన మర్యాదగానే చెప్పాడు. బండి తెచ్చి వదిలితే చూస్తాం, సామాను మద్రాసునుంచి రావాలి, ఆదివారానికైతే కుదరదండి అని. ఫోను పెట్టేశాక మావయ్యగారు అడిగారు.

"ఇచ్చేద్దామా?"

"ఇవ్వనండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"అయితే చేట తే."

వాకిట్లో గోనె పరిచాం. ముక్కలన్నీ చేటలో వరసగా. విప్పుతుంటే లోపలంతా పసుపు బురద. తోటకి నీళ్లు పెట్టే గొట్టం రేడియేటరు కిందిమూతికి పెట్టాం. "వచ్చిన దారినే వెనక్కి పంపాలి" అన్నారాయన. కిందనుంచి పైకి నీళ్లు తోస్తే ముద్దలు ముద్దలుగా పసుపు వచ్చింది, తరవాత పచ్చనీళ్లు, ఆఖరికి తేటగా. నీళ్ల దారిలో వేడెక్కితే తెరుచుకునే చిన్న తలుపులాంటిది ఉంటుంది. అదీ పసుపుతో అతుక్కుపోయింది. కడిగి, పనిచేస్తుందో లేదో చూడ్డానికి అన్నం గిన్నెలో నీళ్లు పోసి, అందులో వేసి పొయ్యిమీద పెట్టాను. ఇద్దరం పొయ్యి ముందు కూర్చుని గుడ్లప్పగించి చూశాం. నీళ్లు మరిగేసరికి అది మెల్లగా నోరు తెరిచింది. మావయ్యగారు అంత మురిసిపోవడం మళ్లీ చూడలేదు. "బతికే ఉందమ్మా" అన్నారు.

అన్నీ తిరిగి బిగించి నీళ్లు పోస్తే, పసుపు పోయింది కాబట్టి కారడం మళ్లీ మొదలైంది. అదే మూతి దగ్గర తడి. మావయ్యగారు మళ్లీ బిగించబోయారు. ఎన్నిసార్లు బిగించినా ఆగనిది అక్కడే ఉందని ఎందుకనుకోవాలి అని నాకు అనుమానం వచ్చింది. ఇంజనంతా పొడిగుడ్డతో తుడిచి, వాకిట్లో వేసే ముగ్గుపిండి తెచ్చి, గొట్టాల పొడుగునా, ప్రతి కీలు దగ్గరా పల్చగా జల్లాను. బండి స్టార్టు చేసి కాసేపు ఉంచాం. పిండి తెల్లగానే ఉంది. తరవాత మూతికి జానెడు పైన, ఇంజను వెనకకి గొట్టం వంపు తిరిగేచోట, ఒక సన్నటి గీత తడిసింది. ఆ గీతలోంచి ఒక బొట్టు ఊరి, గొట్టం వెంట పాక్కుంటూ కిందికి దిగి, మూతి దగ్గరికొచ్చి వేలాడింది. కారేది ఒకచోట, తడి కనపడేది ఒకచోట. పక్కనున్న ఇనప పట్టీకి గొట్టం రాసుకుని రాసుకుని చిరిగింది. "ముగ్గేసి దొంగని పట్టేవు" అన్నారు మావయ్యగారు. "నేను ఇన్నాళ్లూ దొంగ లేని ఇంటికి తాళాలు వేస్తున్నాను."

ఆ గొట్టం దొరకదు. అయితే తోటల్లో పార తగిలి నీళ్ల గొట్టం తెగితే మేమేం చేస్తాం? తెగినచోట కోసి, మధ్యలో ఇంకో చిన్న గొట్టం ముక్క దూర్చి, రెండువైపులా క్లిప్పులు బిగిస్తాం. అదే చెయ్యాలి. క్లిప్పులు తోటలో బోలెడు. లోపల దూర్చే ముక్కే, వేడికి కరగనిది, తుప్పుపట్టనిది కావాలి. నేను ఇల్లంతా వెతుకుతుంటే మావయ్యగారు ఆకాశంకేసి చూస్తున్నారు. "అదిగో" అన్నారు. డాబా మీద పాత టీవీ యాంటెనా. అల్యూమినియం గొట్టాలు. చీర దోపుకుని నిచ్చెనెక్కాను. ఎదురింటి అరుగు మీదనుంచి బావగారు చూస్తున్నారు. "ఆ అమ్మాయి డాబా ఎందుకెక్కింది నాన్నా?" అన్నారు. మావయ్యగారు తల కూడా తిప్పకుండా, "వార్తలు రావట్లేదురా" అన్నారు.

రెండు గొట్టాలు లావు ఎక్కువయ్యాయి, ఒకటి సరిపోయింది. రంపంతో వేలెడు ముక్క కోసి, అంచులు రబ్బరుని కొయ్యకుండా గచ్చుమీద అరగదీశాను. బండి గొట్టం చివరల్ని వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక దూర్చి క్లిప్పులు వేశాం. తరవాత పని నాది. సైకిలు ట్యూబు పొడుగ్గా పట్టీ కోసి, అతుకు మీద అంటు కట్టినట్టే కట్టాను, కిందనుంచి పైకి, అంచు మీద అంచు, సాగదీసి సాగదీసి. ఆ ఇనప పట్టీకి కూడా రబ్బరు చుట్టి గొట్టాన్ని దూరంగా కట్టేశాను, మళ్లీ రాసుకోకుండా. "కన్ను పడుతుందంటావా?" అని అడిగారు మావయ్యగారు. "నా చేతి కన్ను పోదండి" అన్నాను. నీళ్లు, ఆ తరవాత రాజమండ్రినుంచి తెప్పించిన కూలెంటు మెల్లగా పోస్తూ, గొట్టం పిసుకుతూ గాలిబుడగలు పోయేదాకా కూర్చున్నాం. స్టార్టు చేశాం. మళ్లీ ముగ్గు జల్లాను. తెల్లగా ఉంది. శనివారం పొద్దుపోయేదాకా తెల్లగానే ఉంది.

ఆదివారం తెల్లారగానే నేను వాకిలి చిమ్మి బండి కడగడానికి బకెట్టు తెచ్చాను, కొనే మనిషికి నడుస్తున్నట్టు చూపించాలి కదా అని. మావయ్యగారు బకెట్టు పక్కన పెట్టించారు.

"బుర్రిలంకలో నీకు పని లేదూ ఇవాళ?"

"ఉందండి. కానీ వాళ్లొస్తారు కదండి, నడిపి చూపించాలి కదా."

"నడిచే బండిని చూపించేదేంటి, నడుపు. పో, పుల్లలు వాడిపోతాయి."

దారిలో ఆగిపోతే? నేను అడక్కుండానే ఆయన నా సంచిలో నీళ్ల సీసా, ఒక క్లిప్పు, ఆ యాంటెనా గొట్టంలో మిగిలిన ముక్క, స్క్రూడ్రైవరు వేశారు. "ఆగితే విప్పు. చల్లారేక విప్పు." అంతే. నేను గేరు వేసి బావగారి ఇంటిముందునుంచే వెళ్లాను, తల దించకుండా. లాకుల వంతెన దగ్గర టీకొట్టు ముందు కావాలనే ఆపి వంగి చూశాను. ముగ్గు తెల్లగా ఉంది. ఎర్రదీపం వెలగలేదు. అక్కడున్నవాళ్లకేసి ఒకసారి చూసి, వెళ్లిపోయాను. ఆరోజు ఎన్ని కళ్ళు కట్టానో గుర్తులేదు గానీ ఒక్కటీ వాడిపోలేదు.

నేను లేనప్పుడు జరిగింది పక్కింటి కాంతమ్మగారు చెప్పారు, నవ్వలేక చస్తూ. బావగారు ఆ మనిషిని తీసుకుని వచ్చారట. మావయ్యగారు అరుగు మీద, కాలు వీధిలోకి. కొనడానికొచ్చినాయన కాలు తప్పించుకుని నిలబడి, "బండేదండి?" అన్నాడట.

"పనికెళ్ళింది."

"ఎవరు తీసుకెళ్లేరండి?"

"దాని మనిషి."

"ఎప్పుడొస్తుందండి?"

"పనయ్యేక. కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని."

బావగారు ఎర్రబడి, "మాటిచ్చేను నాన్నా నేను" అన్నారట. "నడవకపోతే ఇస్తానన్నాడు శ్రీను. నడుస్తోంది. నీ మాట నిలబెట్టుకోవాలంటే నీ బండి ఇయ్యి" అన్నారట మావయ్యగారు. ఆ వచ్చినాయన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడట. సాయంత్రం నేను తిరిగొస్తే మావయ్యగారు ఇదేమీ చెప్పలేదు. వంగి గొట్టం దగ్గర వేలు పెట్టి, పొడిగా ఉన్న వేలు నాకు చూపించి, అన్నం పెట్టమన్నారు.

ఆ అతుకు బండి ఉన్నన్నాళ్లూ ఊడలేదు. బండి మాత్రం వేరే జబ్బులతో ముసలిదై పోయింది. మావయ్యగారు అంతకు ముందే వెళ్లిపోయారు, మంచంమీద కూడా కాలు గుమ్మంలోకి చాపుకుని. ఆయన పోయాక ఒక ఎండాకాలం బావగారు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. మాట మోసుకెళ్లే మనిషి అరుగు మీద లేరు. కాసేపు అటూ ఇటూ చూసి, నేలకేసి చూస్తూ, "అమ్మాయ్, తోటలో మోటారు గొట్టం కారుతోంది. ఓసారి చూస్తావా" అన్నారు. నాతో నేరుగా అన్న మొదటి మాట అది. ముగ్గుపిండి తీసుకుని వెళ్లాను.

నా అంటు చాకు సంచిలో ఆ యాంటెనా ముక్క ఇప్పటికీ ఉంది. మొన్న వేమగిరిలో ఆ బండాయనకి చల్లారాక మూత తీసి చూపించాను, కారేచోటు ఒకటి, తడి కనపడేచోటు ఒకటి ఉంటుందని చెప్పాను. ఈలోగా ఇంటినుంచి మా ఆయన ఫోను చేశాడు, చుట్టాలొచ్చారు, నీ గురించి అడుగుతున్నారు, ఏం చెప్పమంటావు అని. లారీ మానేసి ఇప్పుడాయన ఇంట్లోనే ఉంటున్నాడు. ఏం చెప్పాలో ఆయనకి తెలుసు, అయినా నా నోట వినడం సరదా.

"పనికెళ్ళిందని చెప్పండి" అన్నాను.